నెలనెలా వచ్చు మూడు దినములు

మన ఇండ్లలో కొన్ని మాటలు గొంతు తగ్గించి పలుకబడును. మగవారు వినకుండ, పిల్లలకు తెలియకుండ, వంటయింటి గడప దాటకుండ పలుకబడు మాటలవి. స్త్రీలకు నెలకొకసారి కలుగు ఋతుస్రావము అట్టి విషయములలో మొదటిది. పండ్రెండవ ఏట మొదలై నలుబదియారు, నలుబదియేడు ఏండ్ల వరకు ఇది సాగును. నెలకు నాలుగు దినములని లెక్కించినను, ఒక స్త్రీ జీవితములో మొత్తము నాలుగు సంవత్సరములకు పైగా కాలము ఈ స్థితిలో గడచును. ఇంత కాలము అనుభవించు విషయమును గూర్చి ఆమె నోరు విప్పి చెప్పుకొను మాటలు బహు స్వల్పము.

దీనిని గూర్చి తెలుగులో వ్రాయబూనినవారికి మొదట ఎదురగు చిక్కు, ఏ మాట వాడవలెనన్నదే. మాటలకు కొదువ లేదు. 'బహిష్టు' అనగా వెలుపల ఉండునది. 'ముట్టు' అను మాట ముట్టుకొనుటను, అనగా తాకుటను స్ఫురింపజేయును. 'మైల' అనగా మాలిన్యము. 'దూరముగా ఉన్నాను', 'బయట ఉన్నాను' అనునవి ఇంటి మాటలు. చిన్నపిల్లలు అడిగినచో 'అమ్మను కాకి తాకినది' అని చెప్పి తప్పించుకొను వాడుకయు కొన్ని ఇండ్లలో ఉండెను. మరియొక వైపున 'ఋతువు' అను మాట ఉన్నది. 'పుష్పవతి' అను మాట ఉన్నది. 'పెద్దమనిషి అగుట' అను గౌరవవాచకము ఉన్నది. ఒకే స్థితిని భాష ఒకసారి పువ్వనియు, ఒకసారి మైల యనియు పిలుచుచున్నది. స్త్రీల మనస్సులలోని భావములును ఇట్లే రెండు వైపులకు లాగుచుండును. 'నెలసరి' అను మాటలో నిందయు లేదు, పొగడ్తయు లేదు. కావున ఈ వ్యాసములో ఎక్కువగా ఆ మాటనే వాడుచున్నాము.

నెలసరిని గూర్చి వైద్యులు చెప్పవలసినది చాల కాలమునుండి చెప్పుచున్నారు. దానిని అనుభవించువారు ఏమనుకొందురో, ఏమి భరింతురో అడిగి విన్నవారు తక్కువ. అడుగకపోవుటవలనను, వినకపోవుటవలనను కలుగు నష్టము ఎట్టిదో ఈ క్రింది సంగతులవలన తెలియగలదు.

మొదటి దినము

బాలికకు సాధారణముగా పండ్రెండు, పదమూడు ఏండ్ల వయస్సున నెలసరి మొదలగును. కొందరికి ఇంకను ముందుగను, కొందరికి పదునైదవ ఏటను మొదలగుట కలదు. ముందుగా ఎవరును చెప్పియుండని బాలిక బట్టమీద రక్తము చూచినప్పుడు, తనకేదో గాయమైనదనియో, పెద్ద జబ్బు చేసినదనియో తలచును. తాను చేసిన ఏదో తప్పునకు ఇది శిక్ష యని భయపడువారును కలరు. ఎవరికి చెప్పవలెనో తెలియక, బట్ట తామే ఉతుకుకొని, ఒకటి రెండు దినములు దాచియుంచువారును కలరు. మన దేశములో 2000 మొదలు 2015 వరకు జరిగిన అధ్యయనములను ఒకచోట చేర్చి పరిశీలించిన సమీక్ష యొకటి 2016లో వెలువడినది. నెలసరి రాకముందే దానిని గూర్చి తెలిసిన బాలికలు ఇంచుమించు సగము మంది మాత్రమే యని అందులో తేలినది. అనగా ప్రతి ఇద్దరు బాలికలలో ఒకతె ఏమియు తెలియకయే ఆ దినమును ఎదుర్కొన్నది.

తెలుగునాట దీనికి తోడు మరియొక విచిత్రము కలదు. పిల్ల పెద్దమనిషి యైనదని తెలియగానే అనేకుల ఇండ్లలో సందడి మొదలగును. మేనమామకు కబురు పోవును. పిల్లను ఒక మూల చాపమీద కూర్చుండబెట్టుదురు. నువ్వులు, బెల్లము కలిపి దంచిన చిమ్మిలి తినిపింతురు. తొమ్మిదవ నాడో, పదునొకండవ నాడో మంగళస్నానము, క్రొత్త బట్టలు, పేరంటము, హారతి. ఊరందరికిని సంగతి తెలియును. మొన్నటి వరకు వీథిలో తొక్కుడుబిళ్ల ఆడిన పిల్ల నేడు తల వంచుకొని పదిమంది ముందు కూర్చుండును. ఏమి జరిగినదో, ఎందుకు జరిగినదో ఆమెకు విడమరచి చెప్పువారు మాత్రము ఆ పదిమందిలో ఒక్కరును ఉండకపోవచ్చును.

క్రొత్త బట్టలకు ఆమె సంతోషించును. అందరును తనవంకే చూచుచున్నందుకు సిగ్గుపడును. ఆటలు మానిపించినందుకు దుఃఖించును. ఇవియన్నియు ఒకే దినమున కలుగుట సహజమే. కాని కొన్ని ఇండ్లలో ఈ వేడుక ముగియగానే చదువు మానిపించుటయు, పెండ్లి మాటలు మొదలగుటయు జరుగును. అట్టి ఇంటిలోని బాలికకు నెలసరి యనునది తన స్వేచ్ఛను తీసికొని పోవుటకే వచ్చినట్లు తోచును. శరీరము ఎదిగినంత మాత్రమున బాలిక వివాహమునకు తగినది కాదు. పదునెనిమిది ఏండ్లు నిండనిదే చట్టమును అందుకు సమ్మతింపదు.

శరీరములో జరుగునది ఏమి?

మెదడు అడుగుభాగముననున్న పీయూష గ్రంథి పంపు ఆజ్ఞల ననుసరించి, అండాశయములలో నెలకొకసారి ఒక అండము పక్వమగును. అదే కాలమున అండాశయములు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరోన్ అను హార్మోనులను స్రవింపజేయును. వాని ప్రభావమున గర్భాశయపు లోపలి పొర, రాబోవు శిశువును నిలుపుకొనుటకై, దళసరిగా తయారగును. గర్భము నిలువనిచో హార్మోనులు తగ్గిపోవును. ఆ పొర విడివడి కొంత రక్తముతో కూడ వెలుపలికి వచ్చును. నెలసరి యనగా ఇంతియే. చెడు రక్తము పోవుచున్నదనుటకు గాని, శరీరములోని మలినము కడుగబడుచున్నదనుటకు గాని ఆధారము లేదు.

ఒక నెలసరి మొదటి దినమునుండి మరుసటి నెలసరి మొదటి దినము వరకు 21 మొదలు 35 దినములు ఉండవచ్చును. బాలికలకు మొదటి రెండు మూడు సంవత్సరములు ఈ లెక్క తప్పుచుండుట సహజము. స్రావము రెండు మొదలు ఏడు దినములుండును. పోవు రక్తము చూపునకు ఎక్కువగా తోచినను, సాధారణముగా 30 మొదలు 40 మిల్లీలీటర్లు మాత్రమే. 80 మిల్లీలీటర్లు మించినచో దానిని అధికస్రావముగా వైద్యులు పరిగణింతురు.

పొత్తికడుపు నొప్పికిని కారణము తెలిసినదే. లోపలి పొర విడివడునప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అను పదార్థములు పుట్టి గర్భాశయ కండరమును బిగియజేయును. నెలసరికి ముందు కొన్ని దినములు అకారణముగా ఏడుపు వచ్చుట, విసుగు, కోపము, నిద్రలేమి, రొమ్ముల సలుపు కలుగుట కూడ హార్మోనుల మార్పులతో ముడిపడియున్నవి. 'ఊరక చిరాకు పడుచున్నది' అని ఇంటివారందురు. వినగా వినగా, తన స్వభావమే చెడ్డదని ఆమెయు నమ్మును. నెలసరి వచ్చిన తేదీని, మనస్సు బాగుండని దినములను ఒక కాగితముపై గుర్తు పెట్టుకొన్నచో, రెండు మూడు నెలలలో ఆమెకే ఆ సంబంధము కనబడును. కారణము తెలిసిన బాధను ఓర్చుట కొంత సులభము.

దూరముగా ఉండు దినములు

మూడు దినములు ఒక మూల గది, వేరు చాప, వేరు కంచము. పూజగదికి పోరాదు, తులసికోట చెంతకు పోరాదు, ఆవకాయ జాడీ తాకరాదు. నాలుగవ నాడు తలస్నానము చేసి ఇంటిలోనికి రావలెను. ఈ పద్ధతి కొన్ని ఇండ్లలో పూర్తిగా పోయినది. కొన్ని ఇండ్లలో పూజగది వరకు నిలిచినది. కొన్ని ఇండ్లలో నేటికిని సాగుచున్నది.

దీనిని గూర్చి స్త్రీలందరును ఒకే విధముగా భావింపరు. పొయ్యి, బావి, రోలు తప్ప మరియొక లోకము లేని కాలములో ఆ మూడు దినములే తమకు దొరికిన విశ్రాంతి యని చెప్పు వృద్ధులు కలరు. అప్పుడే నాలుగు పుటలు చదువుకొంటిమని, ఇరుగుపొరుగు వారితో కష్టసుఖములు చెప్పుకొంటిమని వారు తలచుకొందురు. తమ పిల్లవాడు ఏడ్చుచు దగ్గరకు వచ్చినను ఎత్తుకొనలేక పోయిన దినములను మరువలేనివారును కలరు. పదిమంది చుట్టములున్న ఇంటిలో తాను ఎక్కడ కూర్చున్నదో దానిని బట్టియే తన శరీరస్థితి అందరికిని తెలియుట కంటె సిగ్గు మరియొకటి లేదని నేటి యువతులందురు. విశ్రాంతి కావలెను, వెలి వద్దు అనునది ఈ రెండు తరముల మాటలలోను వినబడు కోరిక.

ఆచారములను విచారించుట ఈ వ్యాసపు పని కాదు. ఆరోగ్యమునకు హాని కలుగుచోట మాత్రము చెప్పక తప్పదు. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా గిరిజన పల్లెలలో నెలసరి దినములకై ఊరి అంచున వేరుగా గుడిసెలుండును. పొరుగు దేశమగు నేపాలు పశ్చిమ ప్రాంతమున ఛౌపడి అను ఆచారము వలన స్త్రీలు చిన్న గుడిసెలలోను, పశువుల కొట్టములలోను పండుకొనుచుండిరి. చలికి వేసికొన్న మంట పొగవలన ఊపిరాడకయు, పాము కాటువలనను ప్రాణములు కోల్పోయినవారు కలరు. ఆ దేశపు సుప్రీంకోర్టు 2005లో దీనిని నిషేధించెను. 2017లో చేసిన చట్టము ప్రకారము, ఒక స్త్రీని బలవంతముగా అట్లుంచినవారికి మూడు నెలల చెరయో, 3,000 రూపాయల జుల్మానాయో, లేక రెండునో విధింపవచ్చును.

ఇదే భూభాగమున మరియొక భావమును కలదు. ఒడిశాలో జూన్ నెల నడుమ రజ పర్వము జరుగును. ఆ మూడు దినములు భూమాత రజస్వల యైనదని భావించి రైతులు నాగలి కట్టరు, నేల త్రవ్వరు. బాలికలు క్రొత్త బట్టలు కట్టుకొని ఉయ్యాల లూగుదురు. వారికి ఇంటిపని చెప్పరు. నాలుగవ నాడు వసుమతీ స్నానము. అస్సాములో గౌహతి చెంతనున్న కామాఖ్యాలయమున అంబుబాచి దినములలో దేవి రజస్వల యైనదని గుడి తలుపులు మూసియుంచి, పిమ్మట తెరతురు; లక్షలాది భక్తులు దర్శనమునకై వేచియుందురు. భూమికి విశ్రాంతియు, దేవికి గౌరవమును కలిగించు స్థితి మనుష్య స్త్రీకి మాత్రము తలవంపు ఏల కావలెనని అడుగువారికి ఈ రెండు వేడుకలే ఆధారము.

'ఓర్చుకో' అను మాట

నొప్పి యని చెప్పిన బాలికకు ఇంటిలో సాధారణముగా దొరకు సమాధానము ఒకటే: ఆడపుట్టుక పుట్టిన తరువాత ఓర్చుకొనవలెను. తల్లి ఓర్చుకొన్నది, అమ్మమ్మ ఓర్చుకొన్నది. కొద్దిపాటి నొప్పి చాలమందికి కలుగును. వేడినీటి సంచితో కాపడము, కొంచెము నడక, వైద్యుని అడిగి భోజనము తరువాత వేసికొను నొప్పిమాత్ర—వీనితో అది ఉపశమించును. కాని ప్రతి నెల బడి మానిపించునంతటి నొప్పి, వాంతి, స్పృహ తప్పుట సామాన్యమైన విషయములు కావు. గర్భాశయపు లోపలి పొరను పోలిన కణజాలము గర్భాశయము వెలుపల పెరుగు ఎండోమెట్రియోసిస్ అను వ్యాధి, సంతానవయస్సులోని స్త్రీలలో సుమారు నూటికి పదిమందికి ఉండునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 'ఓర్చుకో' అను మాట చాటున ఈ వ్యాధి ఏండ్ల తరబడి బయటపడకుండ దాగియుండును.

ఈ క్రింది లక్షణములలో ఏది కనబడినను వైద్యురాలిని చూడవలెను: స్రావము ఏడు దినములు మించుట, గంట రెండు గంటలకే గుడ్డ లేక ప్యాడు తడిసిపోవుట, పెద్ద గడ్డలు పడుట, రెండు నెలసరుల నడుమ రక్తము కనబడుట, గర్భము లేకయే మూడు నెలలు నెలసరి రాకుండుట, పదునైదేండ్లు నిండినను మొదలు కాకుండుట, నొప్పివలన నిత్యకృత్యములు ఆగిపోవుట.

అధికస్రావమునకు రక్తహీనత తోడైనచో స్త్రీ త్వరగా కృశించును. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. మెట్లెక్కిన ఆయాసము, ఎప్పుడును అలసట, కన్నుల క్రింద పాలిపోవుట దీని గురుతులు. బడులలోను, అంగన్వాడీలలోను బాలికలకు వారమునకొకటి చొప్పున ఇచ్చు నీలిరంగు ఇనుము–ఫోలిక్ ఆమ్లపు మాత్రను పారవేయక మ్రింగవలెను. ఆకుకూరలు, పప్పులు, రాగులు, బెల్లము, వానితో పాటు ఉసిరి, నిమ్మ వంటి పులుపు తినుట మేలు.

కూలి దినము – గర్భసంచి

చెప్పుకొనని బాధ ఎంత దూరము పోగలదో తెలియుటకు ఒక ఉదాహరణము చాలును. మహారాష్ట్రలోని బీడ్ జిల్లా కరవు నేల. అచ్చటినుండి ఏటా చెరకు నరకు కాలమున కూలీలు కుటుంబములతో వలసపోవుదురు. భార్యాభర్తలను ఒక జతగా లెక్కించి గుత్తేదారు ముందుగా సొమ్ము ఇచ్చును. ఒక దినము పని మానినచో ఆ సొమ్మునుండి జుల్మానా తగ్గింపబడును. తోటలో మరుగు లేదు, నీరు లేదు, విశ్రాంతి లేదు. నెలసరి నొప్పితోను, స్రావముతోను పని సాగక, అప్పు చేసి ఆస్పత్రికి పోయి, గర్భసంచియే తీయించుకొన్న స్త్రీలు అనేకులు. 2019లో ఆ రాష్ట్ర ప్రభుత్వము నియమించిన సంఘము 82,000 మందికి పైగా స్త్రీలను విచారింపగా, వారిలో 13,000 మందికి పైగా గర్భాశయము తొలగింపబడినట్లు తేలినది.

ఇది పొరుగువారి కథ యని మనము తలపరాదు. ముందు చెప్పిన జాతీయ సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయము తీయించుకొన్నవారు దేశము మొత్తముమీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిదిమంది, తెలంగాణలో సుమారు ఎనిమిదిమంది. ఈ విషయమున దేశములోని రాష్ట్రములన్నిటికంటె మన రెండు రాష్ట్రములే ముందున్నవి. కారణమేమని అడుగగా, దేశమందలి అట్టి స్త్రీలలో సగము మందికి పైగా చెప్పినది నెలసరి అధికస్రావము లేక నొప్పి.

గర్భాశయము తొలగించుట కొన్ని వ్యాధులలో ప్రాణము కాపాడు చికిత్స. కాని స్రావమునకును, నొప్పికిని అది మొదటి మందు కాదు. మాత్రలు, హార్మోను గల లూపు, గడ్డలున్నచో వానిని మాత్రము తొలగించుట మున్నగు మార్గములు కలవు. గర్భాశయముతో పాటు అండాశయములను కూడ చిన్న వయస్సుననే తీసివేసినచో, శరీరమునకు హార్మోనుల రక్షణ పోవును. ఎముకలు గుల్లబారుట, గుండెజబ్బు త్వరగా వచ్చుట సంభవించును. పిల్లలు పుట్టిన తరువాత 'ఇక ఆ సంచితో పని ఏమి' అను మాట ఎవరు చెప్పినను నమ్మరాదు. మరియొక వైద్యుని అభిప్రాయము అడుగుట రోగి హక్కు. అనవసరపు శస్త్రచికిత్సలను ఆపుటకై కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2022లో మార్గదర్శకములు వెలువరించినది. వానిని మూడు నెలలలో అమలుపరుపవలెనని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించినది.

గుడ్డ, నీరు, మరుగు

స్త్రీలు నెలసరి బాధలను చెప్పునప్పుడు నొప్పికంటె ముందు చెప్పునది తరచుగా మరక భయము. బడిలో బల్లమీదినుండి లేచుటకు, బస్సులో దిగుటకు, పొలములో వంగుటకు జంకు. మార్చుకొనుటకు తలుపున్న మరుగుదొడ్డి, నీరు ఉన్నచో ఆ జంకు సగము తగ్గును.

పాత చీర గుడ్డ వాడుట తప్పు కాదు. దానిని సబ్బుతో ఉతికి, ఎండలో బాగుగ ఆరవేయవలెను. సిగ్గువలన ఇతర బట్టల క్రింద, చీకటి మూలలలో ఆరవేసిన గుడ్డ తడియారక, దురదలకును రోగములకును కారణమగును. గుడ్డయైనను ప్యాడైనను నాలుగు మొదలు ఆరు గంటలకొకసారి మార్చవలెను. 15 మొదలు 24 ఏండ్ల యువతులలో పరిశుభ్రమైన సాధనములు వాడువారు 2015–16లో నూటికి 58 మంది కాగా, 2019–21 నాటికి 77 మంది యైరి. గ్రామీణ బాలికలకు ఆశా కార్యకర్తల ద్వారా తక్కువ ధరకు ప్యాడ్లు అందించు పథకము 2011లో మొదలైనది. వానిపై పన్ను 2018లో తొలగింపబడినది. జన ఔషధి దుకాణములలో ఒక్కొక్కటి ఒక రూపాయికి అమ్ముట 2019లో ఆరంభమైనది.

ఆగిపోవు కాలము

మన దేశములో నెలసరి సాధారణముగా నలుబదియారు, నలుబదియేడు ఏండ్లకు ఆగును. 'పీడ విరగడైనది' అని సంతోషించువారు కలరు. వయస్సు మీద పడినదని దిగులు చెందువారును కలరు. ఒంటినుండి ఆవిర్లు వచ్చుట, చెమటలు, నిద్రలేమి కొంతకాలముండును. ఇంటివారు ఓపికతో మెలగవలసిన సమయమిది. పూర్తిగా ఒక సంవత్సరము ఆగిన తరువాత మరల రక్తము కనబడినచో, అది ఒక్క చుక్కయైనను, ఆలసింపక వైద్యురాలికి చూపవలెను. క్యాన్సరుకు అది మొదటి సూచన కావచ్చును.

ఇంటివారు చేయదగినది

బాలికకు తొమ్మిది, పది ఏండ్లు రాగానే తల్లి ఈ సంగతిని ఆమెకు ముందుగా చెప్పవలెను. చెప్పుటకు సిగ్గైనచో, తన మొదటి దినమున తానెంత భయపడినదో చెప్పిన చాలును. మిగిలినది పిల్లయే అడుగును. తండ్రి దుకాణమునుండి ప్యాడ్లు తెచ్చుటకు వెనుదీయరాదు. అన్నదమ్ములకును ఈ విషయము తెలియవలెను; తెలిసిన బాలుడు తోటి బాలికను ఎగతాళి చేయడు. ఉపాధ్యాయుడు ఆ పాఠమును 'ఇంటిలో చదువుకొనుడు' అని దాటవేయరాదు. భార్య నొప్పి యన్నప్పుడు భర్త అడుగవలసినది, 'వంట ఎవరు చేయుదురు?' అని కాదు, 'ఎన్ని దినములనుండి? పోయిన నెల కూడ ఇట్లే ఉన్నదా?' అని.

ఈ ప్రశ్న ఎన్నడును ఎవరును అడుగని స్త్రీలు మన ఇండ్లలోనే ఉన్నారు. ఇది చదువువారు నేటి రాత్రి తమ ఇంటిలో ఒక్కరినైనను అడిగి, ఆమె చెప్పునది చివరివరకు వినవలెనని మా మనవి.